నీళ్ళ నొప్పి

మా వైపు ఎవరైనా మోకాలు పట్టుకుని మూలుగుతూ లేస్తే, ఏమైందని ఎవరూ అడగరు. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా, ఇటు పామూరు దాకా బోరు నీళ్ళు తాగి పెరిగిన ప్రతి ఒంట్లోనూ ఏదో ఒక మూల నొప్పి ఉంటుంది. పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు, పెద్దవాళ్ళకు వంగని నడుములు, ముసలివాళ్ళకు చాచలేని కాళ్ళు. చదువుకున్నవాళ్ళు దానికి ఫ్లోరైడ్ అని పేరు పెట్టారు. మేం మాత్రం నీళ్ళ నొప్పి అంటాం. అది కూడా పొడుగైపోయిందని చివరికి నీళ్ళు అని ఊరుకుంటాం. "ఏంది, కుంటుతాండావు?" అని ఒకరంటారు. "నీళ్ళే లే" అని రెండోవాళ్ళంటారు. అక్కడితో ఆ మాట ముగిసిపోయి వానల గురించో, కంది పంట గురించో మొదలవుతుంది. కొండకు సొరంగం తవ్వి కృష్ణ నీళ్ళు తెస్తామని నా చిన్నప్పటి నుంచీ చెప్తూనే ఉన్నారు. ఇప్పుడు తాగడానికి క్యాన్లు కొనుక్కుంటున్నాం. నొప్పి మాత్రం పాత నీళ్ళదే.

ఆ మాటంటే నాకు పగ. మనుషుల మీద పగ పెట్టుకునే వయసూ ఓపికా దాటిపోయాను గానీ, ఆ ఒక్క మాట మీద మాత్రం పోలేదు.

నేను ఆడపిల్లల హాస్టలు స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయినిని. పిల్లలకు పీటీ మేడాన్ని. నడిచేటప్పుడు కొంచెం కుంటుతాను. చూసినవాళ్ళంతా నాదీ నీళ్ళేననుకుంటారు. మొదట్లో కాదని చెప్పేదాన్ని. తర్వాత మానేశాను, ఎందుకంటే నిజం చెప్పడానికి నా కథంతా చెప్పాలి, వినేవాళ్ళకేమో ఒక్క మాట చాలు.

మాది పెద్దారవీడు దగ్గర పల్లె. ఇంట్లో గొర్రెలుండేవి. నాయన మందను నల్లమల అంచు దాకా తోలుకుపోతే సెలవుల్లో నేనూ వెంట పోయేదాన్ని. తప్పిపోయిన గొర్రె వెనక ముళ్ళకంపలు దాటుకుంటూ పరిగెత్తడం నాకు అబ్బిన మొదటి విద్య. దానికి పోటీలుంటాయని, గెలిస్తే జనం చప్పట్లు కొడతారని హైస్కూలుకు వచ్చాకే తెలిసింది. గొర్రెను పట్టుకొచ్చినందుకు నాకు ఎవరూ ఎప్పుడూ చప్పట్లు కొట్టలేదు మరి.

హైస్కూల్లో మాకు పరుగు నేర్పిన సారు మంచివాడు. ఇది ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే తర్వాతి సంగతి విని ఆయన్ను దుర్మార్గుడి కింద జమకట్టేస్తారు. ఎండనకా చలి అనకా తెల్లవారకముందే గ్రౌండులో ఉండేవాడు. సొంత పిల్లలకన్నా మమ్మల్నే ఎక్కువ చూసుకుంటాడని ఆయన భార్య తిట్టేదట. ఆ గ్రౌండు మధ్యలో పలకల గనుల నుంచి తెచ్చిపడేసిన పెద్ద నల్లబండ ఒకటి ఉండేది. సారు దాని మీద కూర్చుని విజిల్ ఊదేవాడు. మేం ఆయన చుట్టూ గానుగెద్దుల్లా తిరిగేవాళ్ళం. ఎన్ని రౌండ్లో ఆయనకే తెలుసు. "ఇంకెన్ని సార్?" అని నోరు జారిన పిల్ల వల్ల అందరికీ ఇంకో రౌండు పెరిగేది. అందుకని మేం అడగడం మానేశాం. మా కాళ్ళు మావే అన్న సంగతి కూడా మెల్లగా మరిచిపోయాం.

ఒక ఎండాకాలం చివర్లో నా కుడికాలికి, మోకాటి కింద ముందువైపు ఎముక మీద, బొటనవేలు ఆనించేంత చోట నొప్పి మొదలైంది. సారుకు చెప్పాను.

"ఎవరికి లేదమ్మా ఈడ నొప్పి? నాకు లేదా? నీళ్ళే అట్లాంటివి. రెండు రౌండ్లు ఏస్తే వేడెక్కి అదే పోతాది" అన్నాడు.

చిత్రం ఏమిటంటే, నిజంగానే పోయేది. వేడెక్కితే తగ్గేది, చల్లబడ్డాక రెట్టింపై వచ్చేది. అందుకని నేను కూడా ఆయన మాటే నమ్మాను. ఇంటికి పోయి నాయనకు చెప్పాను. ఆయన నా పక్కన కూర్చుని, తన కాలు నా కాలి పక్కన చాచి, ముందు తన మోకాలు నొక్కుకుని తర్వాత నాది నొక్కాడు.

"నాకూ ఇట్లనే ఉంటాది పాపా. మీ అవ్వకూ ఇంతే. మన ఊరి నీళ్ళు తాగినాక తప్పేది కాదు" అన్నాడు. పొయ్యి మీద వావిలాకు వేసి నీళ్ళు కాచి, కాలిపోతుందేమోనని తన చేతి మీద పోసి చూసుకుని, నా కాలి మీద పోశాడు. అంత ప్రేమగా నన్ను మళ్ళీ ఎవరూ తాకలేదు. ఆ చెయ్యి మంచిదే. దానికి తెలిసిన నొప్పి ఒక్కటే.

గిద్దలూరులో సెలెక్షన్స్ జరిగిన రోజున రెండో రౌండులో, ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడైంది. అది నా కాల్లోంచి వచ్చిందని కిందపడ్డాక గానీ అర్థం కాలేదు.

మార్కాపురంలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫోటో చూసి, "ఇది ఈరోజు విరిగింది కాదు. చీలిక ఎప్పుడో వచ్చింది. పిల్ల నొప్పని చెప్పలేదా?" అని అడిగాడు.

నాయన తువ్వాలు చేతిలో నలుపుకుంటూ, "చెప్పింది సార్. మేమే నీళ్ళనుకున్నాం" అన్నాడు.

నేను మంచం మీద గోడవైపు తిరిగి ఏడ్చాను. కాలు విరిగినందుకు కాదు. చెప్పిన మాట గాల్లో కలిసిపోయినందుకు. ఎముక అతికింది గానీ కొంచెం వంకరగా అతికింది. పరుగు మళ్ళీ రాలేదు. ఆ తర్వాత ఇనుప గుండు విసరడం నేర్చుకుని, దానితో వ్యాయామ విద్యలో సీటు తెచ్చుకుని, ఎట్లాగో ఈ ఉద్యోగంలో పడ్డాను. నేను నేర్పే పిల్లల్లో ఒక్కరికి కూడా నాలా కాకూడదన్నది తప్ప నాకు వేరే ఆశయమంటూ లేదు.

మొన్నామధ్య మమ్మల్నందరినీ ఒంగోలుకు శిక్షణకు పిలిచారు. ఇట్లాంటి శిక్షణలంటే మాకు తెలిసిందే, పొద్దున ఉప్మా, మధ్యాహ్నం భోజనం, నడుమ కునుకు. కానీ ఆరోజు వచ్చిన కుర్రాడు తెర మీద ఒక గుండ్రం వేసి, దాని మధ్యలో ఒక పిల్ల బొమ్మ గీశాడు. "క్రీడాకారులే కేంద్రం. కోచ్ చుట్టూ పిల్లలు తిరగడం కాదు, పిల్లల చుట్టూ మనం తిరగాలి. వాళ్ళ ఒంటి సంగతి వాళ్ళనే అడగండి. వాళ్ళ మాటకు విలువివ్వండి. నిర్ణయంలో వాళ్ళను కలుపుకోండి" అన్నాడు. హాల్లో సగంమంది ఫోన్లు చూసుకుంటున్నారు. నాకు మాత్రం కళ్ళ వెంట నీళ్ళు ఆగలేదు. పక్కన కూర్చున్న టీచరు కంగారుపడి, "ఏమైందక్కా, ఇంటికాడ అందరూ బాగుండారా?" అని అడిగింది. బాగున్నారన్నాను. ఈ కుర్రాడు కొన్నేళ్ళు ముందు పుట్టి మా సారుకు ఈ గుండ్రం చూపించి ఉంటే నేను ఎక్కడుండేదాన్నో అనుకుంటూ బస్సులో ఇంటికొచ్చాను.

మర్నాడే మొదలుపెట్టాను. పరుగుకు ముందు పిల్లల్ని గ్రౌండులో గుండ్రంగా కూర్చోబెట్టి, నేను బయట కూర్చుని, ఒక్కొక్కరినీ అడిగాను: "ఒళ్ళెట్లుంది? ఎక్కడన్నా నొప్పా? ఈరోజు ఏం చేద్దాం?"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒక పిల్ల లేచి నిలబడి చేతులు కట్టుకుని, "మేడం, మేం ఏం తప్పు చేసినాం?" అంది.

ముందు నవ్వొచ్చింది, తర్వాత ఆలోచిస్తే తెలిసింది. వీళ్ళను పెద్దవాళ్ళు కూర్చోబెట్టి అడిగారంటే దొంగతనమో, అల్లరో బయటపడిందనే అర్థం. రోజూ ఓపిగ్గా అడగ్గా అడగ్గా మెల్లగా మాటలు వచ్చాయి. ఒకతెకు నెలసరి కడుపునొప్పి. ఒకతెకు హాస్టలు సాంబారు పడక రాత్రంతా నిద్రలేదు. ఒకతె మట్టిరోడ్డు మీద పరిగెత్తుదామంది, అక్కడ నేల మెత్తగా ఉంటుందట. సరేనని అక్కడికే పోయాం. వాళ్ళు ముందు పరుగు, నేను వెనక నడక. ఆ కొన్ని వారాలు నేను సంతోషంగా ఉన్నాను. ఇది దాచుకోవడం ఎందుకు, చాలా సంతోషంగా ఉన్నాను. "మీ ఒంటి గురించి మీ మాటే మాట" అని వాళ్ళకు పదే పదే చెప్పాను.

వాళ్ళల్లో ఒక పిల్ల ఉండేది. గిద్దలూరు అవతల కొండకింద పల్లె, మేకలు కాసుకునే ఇల్లు. పదో తరగతి. నేను చూసిన పిల్లలందరిలోకీ బాగా పరిగెత్తేది. నాకన్నా బాగా అని ఒప్పుకోవడానికి కొన్నాళ్ళు పట్టింది. పెద్ద ఊళ్ళో స్పోర్ట్స్ హాస్టలుకు సెలెక్షన్స్ దగ్గరపడుతున్నాయి. అందులో నెగ్గితే తిండీ చదువూ శిక్షణా అన్నీ అక్కడే. నెగ్గకపోతే పది అయిపోగానే ఇంటికే. వాళ్ళ అక్క అట్లాగే పదితో ఆగిపోయి మేకల వెంట పోతోంది. ఒకరోజు గుండ్రంలో కూర్చున్నప్పుడు ఆ పిల్ల, "నేను మాత్రం మేకల ఎంట పోను మేడం. సచ్చినా పోను" అంది. అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు.

సెలెక్షన్స్‌కు ముందు ఒక పొద్దున ఆ పిల్ల మలుపు తిరగడం చూశాను. కుడి పాదాన్ని నేల మీద కొంచెం పక్కకు, భయంభయంగా వేస్తోంది. ఆ అడుగు నాది. ఎక్కడున్నా గుర్తుపడతాను. గుండ్రంలో అందరితో పాటు అడిగితే "ఏం లేదు మేడం" అంది. పక్కకు తీసుకుపోయి మళ్ళీ అడిగాను. నా మొహంలోకి నేరుగా చూసి చెప్పింది:

"నీళ్ళే మేడం."

పెద్దవాళ్ళు నా నోరు మూయించిన మాటతోనే ఈ పిల్ల తన నోరు తానే మూసుకుంటోంది. వంగి కూర్చుని ఎముక మీద బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చాను. నీళ్ళ నొప్పి అయితే కీళ్ళన్నిటా పరుచుకుంటుంది. ఇది ఒకే చోట, వేలి కింద దొరికింది. పిల్ల ఒళ్ళంతా బిగుసుకుంది. మొహంలో మాత్రం నవ్వు చెదరనివ్వలేదు.

"ఇది నీళ్ళు కాదమ్మా. ఇది ఎముక. కొన్నాళ్ళు పరుగు ఆపాలి" అన్నాను.

"కొన్నాళ్ళంటే సెలెక్షన్స్ అయిపోతాయి గద మేడం."

"అయిపోనీ. కాలుంటే..."

"మీరే గద చెప్పినారు, మా ఒంటి గురించి మా మాటే మాటని? నొప్పి లేదంటున్నా. పరిగెత్తుతా అంటున్నా. అది మాట కాదా?"

నాకు కోపం వచ్చింది. ఒంగోలు కుర్రాడి మీద వచ్చింది, అతను గీసిన గుండ్రం మీద వచ్చింది. ఆ గుండ్రంలో పిల్ల ఒక్కతే ఉంది. వెనక మేకలు లేవు, అక్క లేదు, పదో తరగతి తర్వాతి గోడ లేదు. మధ్యలో కూర్చోబెట్టినంత మాత్రాన పిల్ల నిజం చెప్తుందని ఎవరన్నారు? నిజం చెబితే పోయేది తన బతుకైనప్పుడు ఎవరు చెప్తారు? నా కాలంలో చెప్పినా వినలేదు. ఇప్పుడు వింటానని కూర్చుంటే చెప్పడం లేదు.

స్కూలు పెద్ద మేడం దగ్గరకు పోయి, ఈ పిల్లను సెలెక్షన్స్‌కు పంపొద్దన్నాను. ఆమె కళ్ళద్దాలు తీసి, "పిల్లల మాట వినాలని ట్రైనింగ్ నుంచి వచ్చి మాకందరికీ క్లాసు పీకింది మీరే గదా? ఇప్పుడు పిల్ల పోతానంటే మీరు వద్దంటారేంది?" అంది. ఆమె ఎగతాళిగా అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగింది.

పిల్ల నాయన్ను పిలిపించాను. ఆయన కూడా కుంటుకుంటూనే వచ్చాడు. ముగ్గురం మార్కాపురంలో డాక్టరు దగ్గరకు పోయాం. ఫోటో తీశారు. నాకు తెలుసు, ఇట్లాంటి సన్న చీలిక మొదట్లో ఫోటోకు దొరక్కపోవచ్చు. తెలిసినా దేవుడికి దండం పెట్టుకున్నాను, కనపడితే బాగుండునని. పిల్ల ఎముకలో చీలిక కనపడాలని మొక్కుకున్న టీచరు నేనొక్కదాన్నేనేమో.

డాక్టరు ఫోటోను వెలుతురుకు ఎత్తిపట్టి చూశాడు. "ఇందులో ఏం లేదమ్మా."

"పెద్ద స్కానింగు చేస్తే తెలుస్తుందేమో సార్."

"దానికి గుంటూరు పోవాల్సిందే. అంత అవసరమా? మన ఏరియా పిల్లలకు ఇది మామూలే. నీళ్ళ ప్రభావం. కాల్షియం రాస్తా."

వాళ్ళ నాయన మొహం విప్పారింది. "చూసినావామ్మా, నీళ్ళే. నువ్వు ఊరికే బెదిరిపోయినావు" అని నాతో అన్నాడు. బయట బల్ల మీద పిల్ల పక్కన కూర్చుని, తన కాలు ఆమె కాలి పక్కన చాచి, "నాకూ ఈడనే బిడ్డా, సలికాలమైతే ఇంకా ఎక్కువ" అని చూపించాడు. పిల్ల బుద్ధిగా తలూపింది.

ఇక నేను తట్టుకోలేకపోయాను. అంతమంది మధ్యలో బల్ల మీద కాలు పెట్టి, ట్రాక్‌ప్యాంటు మోకాలి దాకా లాగి, వంకరగా అతికిన ఎముక ఆయనకు చూపించాను. "చూడన్నా. నాకూ ఇట్లనే మొదలైంది" అన్నాను.

ఆయన వంగి నా కాలిని చాలాసేపు చూశాడు. కళ్ళల్లో నిజమైన జాలి కనపడింది.

"అయ్యో పాపం. నీకూ నీళ్ళేనా తల్లీ?" అన్నాడు.

ప్యాంటు కిందికి దించుకున్నాను. ఆ తర్వాత నేను వాదించలేదు. ఆ పిల్లను నేను తీసుకుపోనని పెద్ద మేడంతో చెప్పాను. అట్లయితే లెక్కల మేడం తీసుకుపోతుందని ఆమె అంది. లెక్కల మేడంకు పిల్ల పడితే ఎట్లా లేపాలో కూడా తెలియదు. అందుకని నేనే పోయాను.

సెలెక్షన్స్ గిద్దలూరులోనే, నా కాలు విరిగిన అదే గ్రౌండులో. మా చుట్టుపక్కల గ్రౌండంటే అదే మరి. సున్నంతో కొత్తగా గీతలు వేశారు. పొద్దున పిల్ల తలకు నూనె రాసుకుని గట్టిగా జడ వేసుకుని వచ్చింది. కాలికి నేనే బట్ట చుట్టాను. "నొప్పి వస్తే ఆగిపో తల్లీ. నా మాట విను" అన్నాను. "సరే మేడం" అంది. ఆ సరేలో ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు.

తుపాకీ పేలింది. మొదటి రౌండు అందరితో కలిసి వచ్చింది. రెండో రౌండులో ఒక్కొక్కరినీ దాటింది. నేను మలుపు దగ్గర నిలబడ్డాను. నా ముందు నుంచి పోతున్నప్పుడు ఆ అడుగు చూశాను. ఎక్కడా తడబాటు లేదు. మోకాళ్ళు లేస్తున్నాయి, చేతులు ఒంటికి ఆనుకుని ఊగుతున్నాయి, వెనకవాళ్ళు బాగా దూరమయ్యారు. అందరూ అరుస్తున్నారు. నేనూ అరిచాను. అంతా తెలిసిన నేను కూడా ఆ క్షణంలో అనుకున్నాను, ఏమో, నిజంగా నీళ్ళేనేమో అని. అంత బాగా పరిగెత్తింది.

చివరి రౌండులో అవతలి మలుపు దగ్గర ఆగిపోయింది. పడలేదు. ముందు నిలబడింది, తర్వాత మెల్లగా కూర్చుంది, ఎవరో కూర్చోమన్నట్టు. వెనకవాళ్ళు ఆమెను తప్పించుకుని ముందుకు పోయారు. నేను గ్రౌండుకు అడ్డంపడి పరిగెత్తాను. నా కాలు విరిగిన తర్వాత నేను పరిగెత్తడం అదే మొదటిసారి. దాన్ని పరుగు అనవచ్చో లేదో తెలియదు.

పోయేసరికి రెండు చేతులతో ఎముక పట్టుకుని కూర్చుని ఉంది. పెదవి కొరుక్కున్నట్టుంది, నెత్తురు కారుతోంది. చేతులు తీయించి చూశాను. చూడకపోయినా తెలుసు.

నా చొక్కా అంచు గట్టిగా పట్టుకుంది. తన ఒంటి గురించి ఆ పిల్ల నన్ను అడగడం అదే మొదలు. ఇన్నాళ్ళూ నేనే అడిగాను.

"నీళ్ళే గద మేడం?" అంది. "మేడం, నీళ్ళే గదా?"

ముగింపు గీత దగ్గర ఎవరో గెలిచినట్టున్నారు, చప్పట్లు వినపడుతున్నాయి. ఆ పిల్ల కళ్ళు నా మొహం మీది నుంచి కదలడం లేదు.

"ఆఁ, నీళ్ళే తల్లీ" అన్నాను.

పక్క స్కూలు టీచరు ఎవరో అప్పుడే ఆయాసపడుతూ వచ్చింది. ఆమెకు మా మాటల్లో ఆ ఒక్క ముక్కే వినపడినట్టుంది. "ఇదిగో, నీళ్ళు. తాగమ్మా, తాగు" అంటూ గబగబా సీసా మూత తీసి పిల్ల నోటికి అందించింది.

పిల్ల తాగింది.